కట్టెలో దాగిన నిప్పా, చేతులు పుట్టించిన నిప్పా?: అరణి మథనం - సాహిత్య పాఠాల్లో శ్రమ స్థానం

వ్యాససంగ్రహం

రెండు ఎండుకట్టెల రాపిడితో నిప్పు పుట్టించడం మానవుని అతి ప్రాచీనమైన నేర్పుల్లో ఒకటి. భారతీయ వాఙ్మయంలో ఇది 'అరణి మథనం'గా సుప్రసిద్ధం. ఈ పనిని వాఙ్మయం రెండు విధాలుగా అర్థం చేసుకుంది. కట్టెలో ముందే దాగిన అగ్ని మథనంతో బయటపడుతుందన్నది మొదటి దృష్టి. కట్టె, తాడు, పొడి, ఆరిన గాలి, మనిషి ప్రయత్నం కలిసినప్పుడే నిప్పు పుడుతుందన్నది రెండవది. ఋగ్వేద సూక్తం, ఉపనిషత్తు, బౌద్ధ పాఠాలు, భారతంలోని ఆరణేయ కథ, యానాదులపై వచ్చిన జాతివర్ణన, విశాఖలో పుట్టిన శ్రీశ్రీ కవితా ప్రతీక అనే ఆరు ఆధారాలను ఈ రెండు దృష్టుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు విమర్శ మొదటి దృష్టికే అలవాటు పడిందని, ఆ కారణంగా ఒకే నేర్పు ఒకచోట పవిత్రకర్మగా, మరొకచోట ఆటవిక లక్షణంగా విడిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అరణి, మథనం, శమీగర్భం, ఆరణేయ పర్వం, యానాదులు, జీలుగు, శ్రమ, శ్రీశ్రీ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం నిప్పును నిలిపి ఉంచే నగరం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అక్కడి కోక్ బ్యాటరీలను చల్లారనివ్వరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగుళ్లు బారుతాయి. ఒకసారి రాజేసిన వేడిని ఏళ్ల తరబడి కాపాడుకోవడమే ఆ పరిశ్రమ ప్రాణం. ఇదే నగరానికి ఉత్తరాన, భీమునిపట్నం దారిలోని కొండల మీద బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ బౌద్ధ విహారాల శిథిలాలు ఉన్నాయి. పడమట తూర్పు కనుమల్లో, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, జీలుగుచెట్ల నీడన గదబ, పోర్జ, కొండదొర, ఖోందు పల్లెలున్నాయి. ఉక్కు, విహారం, అడవి అనే ఈ మూడూ ఒకే జిల్లాగా ఉన్న నేలపై నిప్పుకు గల మూడు వేర్వేరు చరిత్రలకు గుర్తులు.

నిప్పును నిలపడం గురించి చెప్పుకున్నంతగా, నిప్పును మొదట పుట్టించడం గురించి తెలుగు సాహిత్య విమర్శ చెప్పుకోలేదు. అరణి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా దానిని ప్రతీకగా స్వీకరించి, ప్రతీక వెనుక ఉన్న పనిని వదిలివేయడం పరిపాటి అయింది. వస్తువు తెలియకపోతే ప్రతీక బలం కూడా సగమే తెలుస్తుంది. కాబట్టి ముందుగా పని క్రమాన్ని, ఆ తరువాత పాఠాలను పరిశీలించడం సముచితం.

2. రాపిడి నిప్పు: పని క్రమం

శ్రౌతకర్మలో వాడే పరికరాన్ని నిదర్శనంగా తీసుకోవచ్చు. నేలపై కదలకుండా ఉంచే కట్టె అధరారణి. దానిపై తిరిగే కట్టె ఉత్తరారణి. ఉత్తరారణి నుండి చెక్కి తీసిన ముక్క ప్రమంథం. దీనిని చాత్రం అనే నిలువు కడ్డీ అడుగున బిగిస్తారు. కడ్డీని పైనుండి అదిమి పట్టేందుకు ఓవిలి అనే ముక్క, చుట్టి లాగేందుకు నేత్రం అనే తాడు ఉంటాయి. కవ్వాన్ని తాడుతో ఇటూ అటూ లాగి పెరుగు చిలికినట్టే దీనిని తిప్పుతారు. సంస్కృతంలో పెరుగు చిలకడానికీ నిప్పు పుట్టించడానికీ 'మథనం' అనే ఒకే మాట వాడడం కేవలం అలంకారం కాదు. రెండింటిలోనూ చేతుల కదలిక ఒకటే.

తాడు, అదుముడు ముక్క లేని చోట ఈ పనిని రెండు అరచేతులే చేస్తాయి. నిలువు పుల్లను అరచేతుల మధ్య పెట్టి, పైనుండి కిందికి జారుతూ, మళ్లీ పైకి అందుకుంటూ తిప్పాలి. కింది కట్టెలో చిన్న గుంట ఉంటుంది. రాపిడికి కట్టె అరిగి సన్నని పొడి రాలుతుంది. ఆ పొడి మొదట గోధుమరంగులో, తరువాత నల్లగా మారుతుంది. ముందుగా పొగ వస్తుంది. పొగ వచ్చినంత మాత్రాన నిప్పు వచ్చినట్టు కాదు. రాలిన పొడి ఒకచోట కుప్పగా చేరి, తనలో తాను కునికి, చిన్న కణికగా మారినప్పుడే పని సగం పూర్తవుతుంది. ఆ కణికను మెత్తని పీచులోకి మార్చి, నెమ్మదిగా ఊపిరి ఊదితే మంట వస్తుంది. మంట పుట్టేది కట్టెలో కాదు, పీచులో. ఈ చిన్న వాస్తవం సాహిత్య పాఠాలను చదివేటప్పుడు చాలా ముఖ్యం.

కట్టె ఎంపిక కూడా నేర్పే. మరీ గట్టి కట్టె సులభంగా అరగదు, పొడి రాలదు. జమ్మి కట్టె గట్టిది, బరువైనది. రావి కట్టె మెత్తనిది, తేలికది. శ్రౌత సంప్రదాయం జమ్మిలో పుట్టిన రావిని, అంటే శమీగర్భమైన అశ్వత్థాన్ని, అరణికి కోరింది. విశ్వాసంలో గొప్పదనం జమ్మికి దక్కినా, చేతికి అందే కట్టె మాత్రం రావిదే. ఇక పీచు విషయంలో విశాఖ మన్యానికి బాగా తెలిసిన చెట్టు జీలుగు. దాని మట్టల మొదళ్లలో దొరికే దూది వంటి నూగు నిప్పును త్వరగా అందుకుంటుంది. కల్లు కోసమే జీలుగును తలచుకునే పాఠకులు ఈ రెండవ ఉపయోగాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉంది.

చెట్ల పేర్లలో కూడా ఈ నేర్పు జ్ఞాపకం మిగిలింది. అమరకోశం పేర్కొన్న 'అగ్నిమంథ' దశమూలాల్లో ఒకటిగా వైద్యులకు పరిచితం. ఆ పేరుకు నిప్పును మథించేది అని అర్థం. మందుగా వాడుక నిలిచింది, పేరులోని పని మరుగైంది.

3. పది వేళ్ల నుండి ధ్యానం దాకా

ఋగ్వేదం మూడవ మండలంలోని 29వ సూక్తం పూర్తిగా అగ్నిమథనాన్ని గురించినదే. ఈ సూక్తంలో రెండు భావాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండవ మంత్రం అగ్ని అరణుల్లో గర్భస్థ శిశువులా భద్రంగా ఉన్నాడంటుంది. పదమూడవ మంత్రం మర్త్యులు అమర్త్యుడిని పుట్టించారని, పదిమంది అక్కచెల్లెళ్లు కలిసి పుట్టిన బిడ్డను అందుకున్నారని చెబుతుంది. ఆ పదిమంది అక్కచెల్లెళ్లు మథించేవాని పది వేళ్లు. మొదటి భావంలో కట్టె తల్లి, నిప్పు ముందే ఉన్నది. రెండవ భావంలో మనుషుల వేళ్లే పుట్టుకకు కారణం, దైవమే మనిషి చేతిలో పుట్టినవాడు. ఒకే సూక్తం ఈ రెండింటినీ నిలిపి ఉంచగలగడం దాని కవిత్వశక్తికి నిదర్శనం.

తరువాతి వాఙ్మయం మొదటి భావాన్నే ఎక్కువగా పెంచింది. శ్వేతాశ్వతరోపనిషత్తు మొదటి అధ్యాయంలో అగ్ని తన మూలమైన కట్టెలో ఉన్నప్పుడు రూపం కనిపించకపోయినా నశించదని చెప్పి, దేహాన్ని అధరారణిగా, ప్రణవాన్ని ఉత్తరారణిగా చేసి ధ్యానమనే మథనంతో దైవాన్ని చూడాలని ఉపదేశిస్తుంది. ఇక్కడ వేళ్లు లేవు, తాడు లేదు, పొడి లేదు. అయితే ఈ మంత్రం శ్రమను పూర్తిగా తుడిచివేసిందనడం న్యాయం కాదు. మథనాన్ని అభ్యాసంతో ముడిపెట్టడంలో, పదే పదే చేయవలసిన పని అన్న స్పృహ నిలిచే ఉంది. మారినది శ్రమ చోటు. అది అరచేతుల నుండి మనస్సుకు బదిలీ అయింది.

భాగవతం నవమ స్కంధంలోని పురూరవుని కథ ఈ మార్పును మరో వైపు నుండి చూపుతుంది. తెలుగులో ఈ స్కంధం పోతన రచన. గంధర్వులిచ్చిన అగ్నిస్థాలిని అడవిలో వదిలి వెళ్లిన పురూరవుడు, తిరిగి వచ్చి, అక్కడ శమీగర్భంలో పెరిగిన అశ్వత్థాన్ని చూసి, దానితో అరణులు చేసుకుంటాడు. కింది అరణిని ఊర్వశిగా, పై అరణిని తానుగా, నడుమ పుట్టేదానిని సంతానంగా మూలం భావిస్తుంది. విరహం పనిముట్టుగా మారిన అరుదైన ఘట్టమిది. ఇచ్చిన నిప్పు పోయింది. చేసుకున్న నిప్పు మిగిలింది. దానంగా దొరికిన అగ్నికీ, చేతులతో సాధించిన అగ్నికీ ఉన్న తేడాను ఈ కథ స్పష్టంగా నిలబెడుతుంది. కాళిదాసు శాకుంతలంలో గర్భవతియైన శకుంతలను అగ్ని దాగిన శమితో పోల్చినప్పుడు మాత్రం దాగిన నిప్పు అనే భావమే సౌందర్యవంతమై స్థిరపడింది. తెలుగు పాఠకుని మనస్సులో శమి అనగానే మెదిలేది ఈ రెండవ చిత్రమే.

4. తడి కట్టె, పొడి కట్టె: బౌద్ధ పాఠాల సాక్ష్యం

పాలి వాఙ్మయం ఈ పనిని భిన్నంగా చూసింది. మజ్ఝిమనికాయంలోని మహాసచ్చక సుత్తంలో మూడు ఉపమానాలు ఉన్నాయి. నీటిలో పడి ఉన్న పచ్చి కట్టెను ఉత్తరారణితో మథిస్తే నిప్పు రాదు. నీటికి దూరంగా నేలపై ఉన్నా పచ్చిదనం వీడని కట్టెను మథించినా రాదు. ఆ మనిషికి అలసట, విసుగు మాత్రమే మిగులుతాయి. నేలపై ఉండి, సారం ఇంకి, పూర్తిగా ఎండిన కట్టెతోనే నిప్పు వస్తుంది. కోరికలకు దూరమైన దేహమనస్సులకు ఇది దృష్టాంతం. ఉపమానం ధర్మబోధకే అయినా, దాని బలం పని తెలిసినవాని పరిశీలన మీద నిలబడింది. దేహం నీటి నుండి దూరమైతే చాలదు, లోపలి తడి కూడా ఆరాలన్న రెండవ మెట్టు కట్టెను చేతితో పట్టి చూసినవారికే తోస్తుంది.

మిలిందపన్హ మరింత ముందుకు వెళ్లింది. నాగసేనుడు మిలింద రాజును అడిగిన ప్రశ్నలో నిప్పు పుట్టేందుకు కావలసినవి వరుసగా వస్తాయి: అరణి, చిన్న అరణి ముక్క, తాడు, ఉత్తరారణి, గుడ్డపేలిక, వీటితోపాటు మనిషి చేసే తగిన ప్రయత్నం. ఇవి లేకుంటే నిప్పు పుడుతుందా అన్నది ప్రశ్న. పుట్టదన్నది రాజు సమాధానం. ఈ జాబితాలో రెండు అంశాలు విమర్శకుల దృష్టిని నిలపాలి. మొదటిది గుడ్డపేలిక. యజ్ఞ పరిభాషలో అరణికున్న గౌరవం పేలికకు లేదు. కాని మంట పుట్టేది అందులోనే. రెండవది మనిషి ప్రయత్నం. అది కర్తగా జాబితాకు వెలుపల నిలబడలేదు. కట్టె, తాడు, పేలికల వరుసలోనే ఒక అంశంగా చేరింది.

ఇక్కడ రెండు తత్త్వాలు ఎదురెదురుగా నిలుస్తాయి. కార్యం కారణంలో ముందే ఉన్నదనే వాదానికి అరణిలోని అగ్ని ప్రియమైన దృష్టాంతం. కార్యం సామగ్రి కలయికతో పుడుతుందనే వాదానికి కూడా అదే అరణి దృష్టాంతం. పనిముట్టు ఒకటే అయినా, పని చేసినవారిని ఎక్కడ నిలబెట్టారన్న దానిపై అర్థం మారింది. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉండే విశాఖ తీరంలో, బౌద్ధ విహారాలు నిలిచిన కొండలపై నిలబడి చూస్తే, తడి కట్టె ఉపమానం శాస్త్రచర్చగా మాత్రమే తోచదు. అది వాతావరణం తెలిసిన మాట.

5. ఎత్తుకుపోయిన అరణి: ఆరణేయ కథ

అరణ్యపర్వం చివరన వచ్చే యక్షప్రశ్నల ఘట్టం తెలుగులో ఎఱ్ఱన పూరించిన భాగంలోనిది. మూలంలో ఈ ఉపపర్వానికి 'ఆరణేయ'మని పేరు. ఒక బ్రాహ్మణుడు చెట్టుకు తగిలించిన అరణి, మథన దండం ఒక లేడి కొమ్ములకు చిక్కుకుంటాయి. లేడి పారిపోతుంది. బ్రాహ్మణుడు పాండవులను ఆశ్రయిస్తాడు. వెంబడించి అలసిన సోదరులు దాహంతో కొలను చేరి ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు ప్రశ్నలకు సమాధానం చెబుతాడు. తరగతి గదుల్లో విమర్శ సాధారణంగా ప్రశ్నలతో మొదలై ప్రశ్నలతోనే ముగుస్తుంది. అరణి కథకు సాకుగా మిగిలిపోతుంది.

పనిముట్టు దృష్టితో చదివితే కథ ఆరంభం వేరే ప్రశ్న వేస్తుంది. చుట్టూ అడవి. కట్టెకు కొదవ లేదు. ఆ బ్రాహ్మణుడు మరో రెండు కొమ్మలు విరుచుకోలేడా? లేడన్నదే కథకు ఆధారం. అరణి అంటే అడవిలోని ఏదో ఒక కట్టె కాదు. ఎంచి, కోసి, ఎండబెట్టి, గుంట తీసి, ఒకదానికొకటి అమర్చుకున్న జత. అది దొరికే వస్తువు కాదు, తయారైన వస్తువు. పచ్చి కొమ్మలు నిండిన అడవిలో నిప్పు పుట్టించే స్తోమత ఆ ఎండిన జతకే ఉంది. కాబట్టి కోల్పోయింది కట్టె కాదు, దానిలో కూడిన కాలం.

మూలభారతంలో మరో సూక్ష్మత ఉంది. లేడి చెట్టుకు ఒరుసుకుంటుండగా అరణి దాని కొమ్ముకు తగులుకుంది. రాపిడితో నిప్పు పుట్టించే పనిముట్టు రాపిడితోనే పోవడం కేవలం కథనావసరమని తోసివేయదగినది కాదు. ప్రయోజనం లేని ఒరపిడి పనిముట్టును లాక్కుపోయింది. ప్రయోజనం ఎరిగిన ఒరపిడి దానితో నిప్పును తెస్తుంది. రెండింటి మధ్య తేడా నేర్పు. కథ చివర ధర్మరాజు కోరిన మొదటి వరం ఆ బ్రాహ్మణుని అగ్నులు లోపించకుండా అరణి తిరిగి దక్కాలన్నది. తమ్ములు అప్పటికే లేచి ఉన్నారు. రాజ్యం ఇంకా దూరంలో ఉంది. వరాల వరుసలో ఒక పేద పనిముట్టును ముందు నిలపడంలో ధర్మరాజు ధర్మం, అతడు చెప్పిన సమాధానాల కంటే తక్కువగా ఏమీ వ్యక్తం కాలేదు.

6. యానాదుల రెండు కట్టెలు

తెలుగు నేలపై అడవి కట్టెలతో నిప్పు పుట్టించే పనికి స్పష్టమైన లిఖిత వర్ణనల్లో ఒకటి యానాదుల గురించి ఉంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో ప్రచురించిన దక్షిణ భారత జాతివర్ణన గ్రంథంలో రాపిడి నిప్పుకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కె. రంగాచారి సహకారంతో 1909లో వెలువరించిన ఏడు సంపుటాల కులాలు, తెగల గ్రంథంలో యానాదుల పద్ధతిని వివరించాడు. రెండు కట్టెలు, ఒకటి పొట్టిది, మరొకటి పొడవైనది. పొట్టిదానిలో చతురస్రంగా గుంట తొలుస్తారు. దానిని నేలకు అదిమి పట్టి, పొడవైన కట్టెను గుంటలో వేగంగా తిప్పుతారు. నిప్పు అందుకునేందుకు గుడ్డపేలిక గాని ఎండుటాకులు గాని పెడతారు. ఇందుకు పనికివచ్చే చెట్లలో ఆరె చెట్టు ఒకటి.

ఈ వర్ణనను మిలిందపన్హ జాబితా పక్కన పెడితే సామ్యం కళ్లకు కడుతుంది. పొట్టి కట్టె అధరారణి, పొడవైనది ఉత్తరారణి, పేలిక పేలికే. అధరారణిని యానాదులు వేరే పేరుతో పిలిచినంత మాత్రాన పని మారలేదు. కాని వాఙ్మయ చరిత్రలో ఈ రెండు వర్ణనలకు లభించిన స్థానం పూర్తిగా వేరు. కోనసీమ అగ్రహారాల్లోని ఆహితాగ్నుల జీవితాలను డేవిడ్ నైప్ 2015లో వెలువరించిన గ్రంథంలో అధ్యయనం చేశాడు. అక్కడ అరణి సజీవ వైదిక సంప్రదాయం. జాతివర్ణన గ్రంథాల్లో అదే పని మానవజాతి బాల్యదశకు మిగిలిన ఆనవాలు. ఇ.బి. టైలర్ 1865లోనే నిప్పు పుట్టించే పద్ధతులను లోకమంతటా పోల్చి వర్గీకరించినప్పుడు బ్రాహ్మణుల మథనం కూడా ఆ పోలికలో భాగమే. వలస పాలన కాలపు పరిశోధకులు పోల్చి చూసిన చోట, తరువాతి తెలుగు విమర్శ విడదీసి చూసింది. ఒకటి సంస్కృత వాఙ్మయ చర్చలోకి, మరొకటి గిరిజన అధ్యయనంలోకి వెళ్లిపోయాయి.

విడదీయడంలో నష్టం యానాదులకు మాత్రమే కాదు. ఆరె కట్టె ఎందుకు పనికివస్తుందో తెలిసినవారి జ్ఞానం పక్కన లేకపోవడం వల్ల, ఆరణేయ కథలో బ్రాహ్మణుడు మరో కొమ్మను ఎందుకు విరుచుకోలేదన్న ప్రశ్న కూడా తరగతిలో పుట్టలేదు. శిష్ట పాఠానికి వ్యాఖ్యానం అడవి నుండి రావలసిన సందర్భమిది.

7. తెలుగు క్రియలు, శ్రీశ్రీ సమిధ

నిప్పుకు సంబంధించిన తెలుగు క్రియలు కూడా ఈ మరపుకు సాక్ష్యం చెబుతాయి. ముట్టించడం అంటే తాకించడం. అంటించడం అంటే తగిలించడం. వెలిగించడం అంటే వెలుగు కలిగించడం. ఈ మూడూ ఒకచోట ఇప్పటికే ఉన్న నిప్పును మరోచోటికి చేర్చే మాటలు. పొరుగింటి పొయ్యి నుండి పిడక మీద నిప్పు అడిగి తెచ్చుకున్న పల్లె జీవితానికి ఇవి సహజమైనవి. నిప్పు ఆరిపోకుండా బూడిద కింద దాచుకున్న ఇల్లాలికి కొత్తగా పుట్టించవలసిన అవసరం అరుదు. చిలుకు, త్రచ్చు అనే మాటలున్నా వాటి ప్రధాన స్థానం పాడి. ఇక చెకుముకి, అగ్గిపుల్ల వచ్చాక పుట్టుక ఒక గీతతో ముగిసింది. భాషలో నిప్పు ఒకరి నుండి ఒకరికి అందేదిగా నిలిచి, పుట్టించేదిగా నిలవలేదు.

విశాఖపట్నంలో 1910లో పుట్టిన శ్రీశ్రీ ఈ భాషకు వారసుడు. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలోని 'జయభేరి'లో వక్త యజ్ఞకర్మలోని సమిధను తన త్యాగానికి గుర్తుగా తీసుకుంటాడు. వైదిక ప్రతీకను విప్లవానికి మళ్లించిన ఆ సాహసాన్ని విమర్శకులు సరిగానే కొనియాడారు. అయినా సమిధకూ అరణికీ మధ్య ఉన్న తేడా చర్చకు రావాలి. సమిధ ఇప్పటికే మండుతున్న అగ్నిలో పడి కాలిపోతుంది. అరణి అగ్నిని పుట్టించి, గుంట నల్లబడినా, మళ్లీ పనికి నిలుస్తుంది. సమిధలో త్యాగం ఉంది, అరణిలో శ్రమ ఉంది. 'ప్రతిజ్ఞ'లో కర్షకుల, కార్మికుల చెమటకు తెలుగు కవిత్వంలో అపూర్వమైన గౌరవం కల్పించిన కవి, అగ్ని ప్రతీక దగ్గరికి వచ్చేసరికి శ్రమను కాక ఆహుతిని ఎంచుకున్నాడు. ఇది కవి లోపమని చెప్పడం సరికాదు. లోకంలో మంట అప్పటికే రేగిందని నమ్మిన తరం అది. దానికి కావలసింది రాజేసేవారి కంటే చేరేవారు. ఆ ఎంపికలో ఒక చారిత్రక విశ్వాసం ఉందని గుర్తించడం విమర్శ బాధ్యత.

8. ఉపసంహారం

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఋగ్వేదం 3.29వ సూక్తంలో దాగిన అగ్ని, పుట్టించిన అగ్ని అనే రెండు భావాలూ కలిసి ఉన్నాయి. ఉపనిషత్తు, కావ్యం మొదటిదాన్ని, బౌద్ధ పాఠాలు రెండవదాన్ని పెంచాయి.

2. ఆరణేయ కథలో అరణి కథారంభానికి సాకు కాదు. అది కాలం, ఎంపిక, నేర్పు కూడిన పనిముట్టు. ధర్మరాజు మొదటి వరం దాని విలువకు కావ్యం ఇచ్చిన గుర్తింపు.

3. యానాదుల రెండు కట్టెల పద్ధతికీ, శ్రౌత, బౌద్ధ పాఠాల్లోని వర్ణనకూ పని క్రమంలో మౌలికమైన సామ్యం ఉంది. వీటిని వేర్వేరు శాఖల్లో బోధించడం వల్ల రెండింటి అర్థమూ తగ్గిపోతున్నది.

4. తెలుగు క్రియలు, ఆధునిక కవితా ప్రతీకలు ఉన్న నిప్పును అందించే భావం చుట్టూ స్థిరపడ్డాయి. సమిధ, అరణి ప్రతీకలను వేరుచేసి చదవడం ఆధునిక కవిత్వ విమర్శకు కొత్త ఆధారం కాగలదు.

విశాఖ మన్యంలోని జీలుగు నూగు, నెల్లూరు సీమలోని ఆరె కట్టె, కోనసీమలోని రావి అరణి ఒకే నేర్పుకు మూడు రూపాలు. వీటి పేర్లు, ఎండబెట్టే పద్ధతులు, పీచు ఎంపికలు తెలిసిన వృద్ధుల నుండి వాటిని సేకరించడం కేవలం జానపద విజ్ఞాన విభాగాల పని కాదు. ఎఱ్ఱనను బోధించే అధ్యాపకునికి కూడా అది పాఠ సామగ్రే. కట్టెలో నిప్పు ఉందా అన్న ప్రశ్నకు తత్త్వశాస్త్రం ఏ సమాధానం చెప్పినా, ఎండిన కట్టె, గుంటలో చేరిన నల్లని పొడి, కాయలు కాసిన అరచేతులు లేనిదే అది ఎవరికీ కనిపించలేదన్నది మాత్రం నిర్వివాదం. ఆ అరచేతులకు పాఠంలో చోటు కల్పించడమే అరణిని చదివే సరైన మార్గం.